మా తాతయ్య అడిగిన వన్స్‌మోర్

నా చిన్నప్పుడు మా ఇంట్లో పాడేవాళ్ళు ఒక్కరూ లేరు. వినడంలో మాత్రం మా తాతయ్యను మించినవాడు సీతారామపురం చుట్టుపక్కల ఇంకొకడు లేడని నా నమ్మకం. ఆయనకు ఓ నలభై గొర్రెలు, ఒక కర్ర, ఒక గొంగళి ఉండేవి. అక్షరం ముక్క రాదు. అయినా ఉదయగిరి కొండ కింద మంటపంలో పద్యాలు పాడుతున్నారని తెలిస్తే చాలు, గొర్రెల్ని మా నాయనకు అప్పగించి, నన్ను వెంటబెట్టుకుని బస్సు కోసం పొద్దున్నే రోడ్డెక్కేవాడు. ఆ బస్సు ఒక్కోరోజు వచ్చేది, ఒక్కోరోజు రాదు. రాని రోజున ఏదో ఒక బండి పట్టుకునైనా వెళ్ళి తీరేవాళ్ళం.

ఆ మంటపం కొండ మీద కోట కట్టిన రాజుల కాలం నాటిదట. ఏ రాజు అని అడిగితే ఒక్కొక్కరు ఒక్కో పేరు చెప్పేవారు. లోపల కరెంటు లేదు, అందుకని ఎండ కాస్త తగ్గాక మొదలుపెట్టి, పొద్దు గూకేలోపు ముగించేవారు. మైకు కూడా లేదు. దాని అవసరమూ లేదు. హార్మోనియం పక్కన నిలబడి ఒకాయన గొంతెత్తితే ఆ పద్యం రాతి కప్పుకు తగిలి, చిట్టచివరి స్తంభానికి చేరగిలబడ్డ మాకు కూడా మాట మాటా వినిపించేది. ముందు చాపల మీద పెద్ద రైతులు, వాళ్ళ వెనక బజారువాళ్ళు, చివర్న మాలాంటివాళ్ళం. ఫలానా చోట కూర్చోమని ఎవరూ చెప్పరు, ఎవరి చోటు వాళ్ళకు తెలుసు. చెక్క గరిటెలు చేసే ఒకాయన పని కూడా తెచ్చుకుని మా పక్కనే కూర్చునేవాడు.

పద్యం నచ్చితే జనం 'వన్స్‌మోర్' అని కేక వేస్తారు. పాడినాయన అదే పద్యం మళ్ళీ పాడాలి. ఇంగ్లీషులో ఇంకో ముక్క రానివాళ్ళకు కూడా ఆ మాట వచ్చు. అయితే ఆ కేక ఎప్పుడూ ముందు చాపల మీద నుంచే లేచేది. మా వరసలో వాళ్ళు దానికి గొంతు కలపడమే తప్ప, తమంత తాము అడగడం నేనెన్నడూ చూడలేదు.

ఒక సంవత్సరం పాడవలసినాయన మా తాతయ్యకు ప్రాణం. వింజమూరు వైపు నుంచి వచ్చేవాడు. ఏడాదిపాటు జబ్బుతో మంచాన పడి లేచాడని, గొంతు మునుపటిలా లేదని అప్పటికే చెప్పుకుంటున్నారు. ఈసారికి పాడించి చూసి, బాగా లేకపోతే ఇక ఆయన్ను పిలవకూడదని పెద్దలు అనుకున్నారట. ఇక్కడ వద్దన్నారంటే మిగతా ఊళ్ళవాళ్ళూ పిలవరు. పద్యం తప్ప ఆయనకు వేరే బతుకుతెరువు లేదు. గరిటెలాయన ఈ సంగతి చెబుతుంటే మా తాతయ్య భుజం మీది తుండు తీసి, దులిపి, మళ్ళీ వేసుకున్నాడు.

పాడేమనిషి మొదటి పద్యం నెమ్మదిగా ఎత్తుకున్నాడు. మూడో పాదం దాకా బాగానే సాగింది. చివర్న రాగం తీసేచోట గొంతు పైకి పోయి, అక్కడే పగిలి, కీచుమంది. అందరికన్నా ముందు ఫక్కున నవ్వింది ఎవరో కాదు, నేనే. ఆ రాతి కప్పు కింద నా నవ్వు కూడా అందరికీ వినిపించింది. ఇక చూడండి, కట్ట తెగినట్టు అందరూ అందుకున్నారు. ముందు చాప మీద ఒకాయన చెప్పులు వెతుక్కుంటూ లేచాడు. పాడేమనిషి రెండు చేతులూ కట్టుకుని తల దించుకున్నాడు.

అప్పుడు మా తాతయ్య లేచి నిలబడ్డాడు. గొర్రెల్ని అదిలించే గొంతుతో "వన్స్‌మోర్" అన్నాడు.

అందరూ వెనక్కి తిరిగారు. అంతవరకూ పాడేమనిషి మీదున్న నవ్వంతా మా తాతయ్య మీదికి మళ్ళింది. పగిలిన పద్యాన్ని మళ్ళీ పాడమన్న మొనగాడు ఎవరా అని మెడలు సాచి మరీ చూశారు. "గొర్రెల యెనక తిరిగేటోడికి పద్యమేందో పొట్టేలు అరుపేందో ఏం తెలస్తాది" అని ముందు నుంచి ఎవరో అంటే ఇంకా పడీపడీ నవ్వారు. మా తాతయ్య వాళ్ళతో పాటు తనూ నవ్వి, "నాకు సరింగా వినపళ్ళేదు సామీ, ఇంకోతూరి పాడండి" అని దండం పెట్టాడు. నాకు తల కొట్టేసినట్టయింది. ఆయనెవరో నాకు తెలియనట్టు స్తంభం చాటుకు జరిగాను.

జనం మా తాతయ్యను చూసి నవ్వుకుంటున్న ఆ కాసేపట్లో పాడేమనిషి చెంబెడు నీళ్ళు తాగాడు. హార్మోనియం వాయించే ఆయన వైపు వంగి, శ్రుతి తగ్గించమని చెప్పాడు. మళ్ళీ ఎత్తుకున్నాడు. ఈసారి పైకి పోలేదు, పరుగు తీయలేదు. పాత గొంతు కాదది, కాస్త బొంగురు కూడా. కానీ మాటలు ఒక్కొక్కటీ వచ్చి మనసును తాకాయి. నవ్వులు సద్దుమణిగాయి. లేచినాయన చెప్పులు వదిలేసి కూర్చున్నాడు. గరిటెలాయన చేతిలో గరిటెను ఒళ్ళో పెట్టుకుని వింటున్నాడు. ఆ పద్యానికి ఎవరూ వన్స్‌మోర్ అనలేదు, అయితే లేచి వెళ్ళినవాళ్ళూ లేరు. పొద్దు గూకేదాకా ఆయన అదే శ్రుతిలో పాడాడు. ఆ మరుసటి ఏడూ, ఆ తరవాత చాలా ఏళ్ళూ ఆయన్నే పిలిచారు.

బస్సు దగ్గరికి నడుస్తున్నంతసేపూ నేను ముఖం మాడ్చుకునే ఉన్నాను. అందరూ నిన్ను తెలివిలేనోడనుకున్నారు తాతా, అని చివరికి అనేశాను. ఆయనకు కోపం రాలేదు.

"గొంతు పగలడం నాకూ వినపడింది పాపా. నవ్వే జనానికి ఎవురో ఒకరు కావాల. నన్ను చూసి నవ్వితే నాకేం పోతాది, రేపు పొద్దున మళ్ళీ గొర్రెల్ని తోలుకోని పోతాను. ఆయన రేపు గూడా పాడాల గదా."

మొదట నవ్విందెవరో ఆయనకు తెలుసు, పక్కనే కూర్చున్నాను. ఆ మాట మాత్రం ఆరోజూ ఎత్తలేదు, బతికినన్నాళ్ళూ ఎత్తలేదు. నాలుగు తిట్టుంటే ఏడ్చి మరిచిపోయేదాన్నేమో.

ఇప్పుడు నాకు ఆయన వయసు వచ్చింది. పోయినేడు ఆత్మకూరులో మా మనవరాలి బడి వార్షికోత్సవానికి వెళ్ళాను. ఎవరి బిడ్డో, పదేళ్ళ పిల్ల, పాడుతూ పాడుతూ చరణం మరిచిపోయి మైకు ముందు బిక్కచచ్చి నిలబడింది. ఈలలు మొదలయ్యాయి, ఫోన్లు పైకి లేచాయి. నేను మోకాళ్ళు పట్టుకుని ఎలాగో లేచి, చేతనైనంత గట్టిగా వన్స్‌మోర్ అన్నాను. హాలంతా నా వైపు తిరిగింది. ముసల్దానికి మతి పోయినట్టుండాదే అని వెనక ఎవరో అన్నారు. ఫోన్లు కూడా నా వైపే తిరిగాయి. మా మనవరాలు కూర్చోమని నా కొంగు పట్టుకుని లాగుతోంది. అక్కడ ఆ పిల్ల కళ్ళు తుడుచుకుని, పంతులమ్మ అందించిన మాట అందుకుని, పాట మళ్ళీ మొదలుపెట్టింది. జనం నవ్వుతున్నంతసేపూ, మా తాతయ్యకు మనసులో దండం పెట్టుకుంటూ, నేను నిలబడే ఉన్నాను.