థీసిస్‌కూ ఫెలోషిప్‌కూ నడుమ

మొన్న మా చెల్లెలి మనవరాలు ల్యాప్‌టాప్ తెచ్చి నా ముందు పెట్టి, పీహెచ్‌డీ తర్వాతి పరిశోధనకు తాను నింపిన ఫెలోషిప్ దరఖాస్తును ఒకసారి చూడమన్నది. చదువుతూ ఉంటే నా మనసు తిరుపతిలో డెబ్బైల చివరి రోజులకు పోయింది.

తేలు విషం మీద థీసిస్ ఇచ్చిన నెలతోనే నా స్కాలర్‌షిప్పు ఆగిపోయింది. ఆ పైన పరిశోధన సాగించడానికి ఢిల్లీవాళ్ళు ఇచ్చే ఫెలోషిప్పు ఒకటుందని మా గురువుగారు చెప్పేదాకా నాకు తెలియదు. అయితే థీసిస్‌లో చేసిందే మళ్ళీ చేస్తామంటే ఒప్పుకోరట, కొత్త ప్రశ్న ఒకటి రాసి పంపాలట. అది నా దగ్గర లేదు. ఇంతలో చిత్తూరు కాలేజీలో లెక్చరర్ ఉద్యోగం వచ్చింది. గుమాస్తాగా పనిచేసే మా నాయన ఆ ఉద్యోగం ఉత్తరాన్ని రోజూ నా కంచం పక్కన పెట్టి పోయేవాడు.

మా ల్యాబుకు తేళ్ళు తెచ్చిచ్చే పెద్దామె ఒకామె ఉండేది. పనేమీ లేక ఒకరోజు ఆమె వెంట చంద్రగిరి గుట్టల్లోకి పోయినాను. రాయి తిప్పి, తేలును పట్టకారతో కుండలో వేస్తూ ఆమె అడిగింది: "పాపా, ఇవి నన్ను ఎన్నిసార్లు కుట్టినాయో లెక్క లేదు. నొప్పి, సెమట, అంతే. నాలుగేండ్ల నా మనవరాల్ని ఒక్కసారి కుడితే పొద్దు గూకేలోగా పోయింది. విషం ఒకటే కదా, బిడ్డల్నే ఎందుకు సంపుతాది?"

ఏళ్ళ తరబడి ఆ విషాన్ని కప్ప గుండెల మీద చుక్కచుక్కగా వేసి చూసినదాన్ని, ఆ ప్రశ్న నాకు తట్టనే లేదు. ఇంటికి వచ్చి అదే రాసి పంపినాను.

ఉద్యోగంలో చేరాల్సిన గడువు వచ్చింది, ఢిల్లీ నుంచి మాత్రం ఏ కబురూ లేదు. చేరనని నాయనకు చెప్పి, ఎందుకో కూడా చెప్పినాను. ఆయన, "ఆ బిడ్డకు ఎన్నేండ్లు?" అన్నాడు. నాలుగన్నాను. "సరే, సూడు మరి" అని లేచి పోయినాడు.

రెండు నెలలకు ఫెలోషిప్పు వచ్చింది. ఆస్పత్రి పిల్లల వార్డు పక్కనే మూడేళ్ళు పనిచేసినాను. అంత విషం ఆ చిన్న ఒంటికి ఎక్కువై గుండె తట్టుకోలేదన్నంతవరకు అర్థమయింది. పెద్దామెకు చెబుదామని పోతే అంతా విని, "మరి మందు యాడుండాది?" అన్నది. మందు సంగతి తర్వాత వేరేవాళ్ళు చూసినారు.

ఈ పిల్ల దరఖాస్తు చక్కగా ఉంది. థీసిస్ ముగియకముందే తర్వాతి చోటు వెతుక్కునే వీలు ఇప్పుడు వీళ్ళకు ఉంది, నా మాదిరి నడుమ ఖాళీగా కూర్చోవాల్సిన పని లేదు, అది మంచిదే. అయినా తీరిక లేని ఈ పిల్లలు ల్యాబు దాటి ఎవరి వెంట నడుస్తారో, వాళ్ళను ఎవరు ఏమి అడుగుతారో తెలుసుకోవాలని నాకు మహా ఆశగా ఉంది.