ఎల్లారెడ్డి బస్సులో ఈత మాట

సైన్యంలో ఉన్నప్పుడు నేను పడవ పందేల్లో తెడ్డు పట్టినవాణ్ని. 2012లో తొలిసారి మా అమ్మాయికీ, ఆమె ముగ్గురు స్నేహితురాళ్లకూ తెడ్డు వేయడం నేర్పడం మొదలుపెట్టాను. ఈత వచ్చా అని అడిగితే నలుగురూ వచ్చన్నారు. ఆ ఆదివారం వాళ్లను మొదటిసారి పెద్ద చెరువులో లోతు నీళ్లలోకి తీసుకెళ్లాలని కామారెడ్డిలో ఎల్లారెడ్డి బస్సెక్కాం.

నా వెనక సీట్లో, ఆ స్నేహితురాళ్లలో ఒకరైన సుజాత పక్కన ఒక పెద్దావిడ కూర్చుంది. ఎక్కడికని అడిగింది. విన్నాక ఆ పిల్ల చెయ్యి పట్టుకుంది.

"అమ్మో! నాకైతే ఈత రాదు బిడ్డా. నీళ్లు జూస్తెనే కాళ్లు వణుకుతయి."

కాసేపటికి సుజాత గొంతు సన్నగా వినిపించింది.

"నాకు గూడ రాదవ్వా."

వెనక్కి తిరిగాను.

"అంకుల్, నన్ను తీసెయ్యకుండ్రి," అని సుజాత ఏడ్చేసింది.

"ఎందుకు తీసేస్తడు? నేర్పిస్తడు," అంది ఆవిడ, నా మొహంలోకే చూస్తూ. నేను తలూపేదాకా ఆ పిల్ల చెయ్యి వదల్లేదు. తన ఊరు రాగానే దిగిపోయింది.

ఆ రోజు పడవ ఒడ్డునే ఉండిపోయింది. సుజాత నడుంలోతు నీళ్లలో ఈత నేర్చుకున్నాకే తెడ్డు పట్టింది.

ఇప్పుడు కొత్త పిల్లలు వస్తే, ఈత వచ్చా అని అడిగే ముందు, సైన్యంలో చేరే నాటికి నీళ్లంటే నాకెంత భయమో చెప్తాను. చెప్పి, వాళ్ల మాట కోసం ఆగుతాను.