ప్లెయిన్స్‌బరో నుంచి న్యూయార్క్‌కి, బ్రిటాతో ఒక స్వీడిష్ సినిమాకి

ప్లెయిన్స్‌బరోలో మా అపార్ట్‌మెంట్‌కి సరిగ్గా కింద బ్రిటా అనే స్వీడన్ ఆవిడ ఒంటరిగా ఉండేది. ఎనభై మూడేళ్ళు. 2011 ఫిబ్రవరిలో, ఎనిమిదో క్లాసు చదువుతున్న మా అమ్మాయి స్నిగ్ధకి స్కూల్లో ఒక ప్రాజెక్ట్ ఇచ్చారు. రెండో ప్రపంచయుద్ధం రోజులు చూసిన ఒక మనిషిని ఇంటర్వ్యూ చేసి రాయాలి. స్నిగ్ధ మూడుసార్లు కిందికి వెళ్ళి అడిగింది. మా దేశం యుద్ధంలో లేదమ్మా, నా దగ్గర చెప్పడానికేమీ లేదు అని మూడుసార్లూ పంపించేసింది బ్రిటా. నాలుగోసారి మాత్రం పేపర్లోంచి కత్తిరించిన ఒక సినిమా ప్రకటన చేతిలో పెట్టింది. యుద్ధకాలంలో, నార్వే సరిహద్దు పక్క పల్లెలో పెరిగే ఒక స్వీడిష్ అమ్మాయి కథ. తన ఊరూ అటువైపేనట, ఒకసారి తీసుకెళ్తారా అని అడిగింది. ఎప్పుడూ ఎవర్నీ ఏమీ అడగని మనిషి. కాదనలేకపోయాను.

మా ఆయన రవికి ఇదేమీ నచ్చలేదు. "ఆవిడ మోకాళ్ళు చూశావా? ఈ ఐస్‌లో జారిపడితే ఎవరు రెస్పాన్సిబుల్?" అన్నాడు. అంటూనే శనివారం పొద్దున్న మా ముగ్గుర్నీ ప్రిన్స్‌టన్ జంక్షన్‌లో తనే డ్రాప్ చేశాడు. ఇంటినుంచి స్టేషన్‌కి పది నిమిషాల దారి. టికెట్ రానుపోను మనిషికి ముప్పై డాలర్లు, వయసు మళ్ళినవాళ్ళకి అందులో సగం. తొమ్మిదిన్నర దాటాక ఎక్కిన రైలు గంటా పావులో న్యూయార్క్ పెన్ స్టేషన్‌కి చేర్చింది. దారి పొడుగునా మురికి మంచు, మూతపడ్డ ఫ్యాక్టరీల గోడలు. బ్రిటా కోటు విప్పకుండా, చేతిసంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. స్నిగ్ధ ప్రశ్నల కాగితం తీసింది కానీ ఆవిడ మొహం చూసి మళ్ళీ మడిచేసింది.

పెన్ స్టేషన్‌లో లిఫ్ట్ వెతుక్కోవడానికే పావుగంట పట్టింది. బయట టాక్సీ ఎక్కితే డౌన్‌టౌన్‌లోని థియేటర్‌కి పన్నెండు డాలర్లయింది. డ్రైవర్ బంగ్లాదేశ్ ఆయన. అమ్మగారా అని అడిగాడు. కాదు, మా కిందింటావిడ అన్నాను. ఆయన దిగి వచ్చి, బ్రిటా చెయ్యి పట్టుకుని పేవ్‌మెంట్ మీదికి ఎక్కించాడు.

వందమంది కూడా పట్టని హాలు. సినిమాలో పదమూడేళ్ళ పిల్ల తమ గడ్డికొట్టంలో దాక్కున్న మొగుడూపెళ్ళాలను చూస్తుంది. నార్వేలో జర్మన్ల నుంచి తప్పించుకుని, మంచు కొండలు దాటి వచ్చినవాళ్ళు. పోలీసు వచ్చి అడుగుతాడు. కొట్టం గుమ్మంలో నిలబడి ఆ పిల్ల ఎవరూ లేరంటుంది. ఆ ఒక్క అబద్ధంతో ఆమె చిన్నతనం అయిపోతుంది. చివర్లో హాల్లో కొందరు చప్పట్లు కొట్టారు. పక్కన బ్రిటా చేతులు ఒళ్ళో అలాగే ఉన్నాయి. అందరూ వెళ్ళిపోయాక కూడా లేవలేదు.

మూడింటి రైలుకి వెళ్ళాలన్నది మా ప్లాన్. కానీ బ్రిటా కాసేపు ఎక్కడైనా కూర్చుందామంది. ఎదురుగా ఉన్న డైనర్‌లోకి వెళ్ళి మూడు సూప్‌లు చెప్పాను. స్నిగ్ధ ఉండబట్టలేక, మీ ఊళ్ళో కూడా ఇలాగే దాచారా ఆంటీ అని అడిగింది.

"ఆ అమ్మాయి చెప్పలేదు," అంది బ్రిటా. "నేను చెప్పాను."

తర్వాత అంతా నెమ్మదిగా, ఎవరి గురించో చెబుతున్నట్టు చెప్పింది. నార్వే జర్మన్ల చేతిలోకి వెళ్ళాక వచ్చిన మొదటి చలికాలం. తనకి పదమూడేళ్ళు. ఆవుకి గడ్డి తేవడానికి కొట్టంలోకి వెళ్తే ఒక మగమనిషి, ఒక ఆడమనిషి కనిపించారు. ఆమె కాళ్ళకి పట్నం బూట్లు, తడిసి గట్టిపడి ఉన్నాయి. ఆవిడ నోటిమీద వేలు పెట్టుకుని, చెప్పొద్దన్నట్టు తనవైపు చూసింది. కొత్తవాళ్ళు కనిపిస్తే చెప్పాలని బళ్ళో టీచర్ చెప్పి ఉన్నాడు. బ్రిటా తిన్నగా పోలీసు ఇంటికి పరిగెత్తింది. చీకటి పడేలోపు వాళ్ళిద్దర్నీ సరిహద్దు దాకా నడిపించి అవతల జర్మన్లకి అప్పగించేశారు. మర్నాడు పోలీసు చక్కెర పొట్లం తెచ్చిచ్చాడు. చక్కెర రేషన్‌లో దొరికే రోజులు. వాళ్ళమ్మ పొట్లం తీసుకుని అల్మరాలో పెట్టింది. ఆ విషయం ఇంట్లో మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

"వాళ్ళ పేర్లేంటి?" అంది స్నిగ్ధ.

"అడగలేదు."

"తర్వాత ఏమయ్యారు?"

"తెలీదు. తెలుసుకోవాలనుకుంటే దారులుండేవి. నేను వెతకలేదు."

స్నిగ్ధ ఇంక చెంచా ముట్టలేదు. నేను ఏదో ఒకటి అనాలనుకున్నాను. అప్పుడు మీరు చిన్నపిల్ల, మీకేం తెలుసు అని బ్రిటాని ఓదార్చవచ్చు. కానీ పక్కన నా కూతురు కూడా సరిగ్గా ఆ వయసులోనే ఉంది. తనకి మంచేదో చెడేదో తెలుసనే నేను రోజూ నమ్ముతాను.

తిరుగు రైల్లో స్నిగ్ధ వెళ్ళి వేరే వరసలో కూర్చుంది. ఎడిసన్ స్టేషన్ దాటాక నా దగ్గరికి వచ్చి, "అమ్మా, ఇది నేను రాస్తే ఆంటీని అందరూ హేట్ చేస్తారు కదా," అంది గొంతు తగ్గించి. తెలుగు రాకపోయినా బ్రిటాకి విషయం అర్థమైంది. "రాయి," అంది ఇంగ్లీషులో. "నా పేరుతోనే రాయి."

రాసింది. నాలుగు పేజీలు. స్కూల్లో ఇచ్చే ముందు బ్రిటాకి చూపించి రమ్మని నేనే పంపాను. ఆవిడ కళ్ళద్దాలు పెట్టుకుని మొత్తం చదివిందట. అప్పటికి ఆమెకి పదమూడేళ్ళు మాత్రమే అని స్నిగ్ధ రాసిన చోట, పెన్నుతో ఆ 'మాత్రమే'ని కొట్టేసి కాగితాలు తిరిగిచ్చిందట. ఆ తర్వాత వాళ్ళిద్దరూ మునుపటిలా మాట్లాడుకోవడం నేను చూడలేదు. ఎదురుపడితే స్నిగ్ధ పలకరిస్తుంది, అంతే. అది తప్పని నేను చెప్పలేదు. ఆవిడా ఏమీ అనుకున్నట్టు లేదు.

డెబ్భై ఏళ్ళు మోసిన మాటని ఒక పిల్ల ముందు దించింది బ్రిటా. బరువు తగ్గిందో లేదో నాకు తెలియదు, ఇప్పుడు దాన్ని ముగ్గురం మోస్తున్నామేమో. అయినా ఆ రోజు వెళ్ళకుండా ఉండాల్సింది అని ఒక్కసారి కూడా అనిపించలేదు. మీరూ ఎవరైనా పెద్దవాళ్ళని ఇలాంటి సినిమాకి తీసుకెళ్తుంటే ఒకటి చేయండి. తిరుగు ప్రయాణానికి ఫలానా రైలే అని పెట్టుకోకండి. సినిమా అయ్యాక ఒక గంటైనా ఖాళీ ఉంచండి, వాళ్ళు చెప్పేది వినడానికి.