ముందు చక్రాలు లాగని జీపు

ఒకే పేరు, ఒకే ముఖం, ఒకే ఎత్తు. పక్కపక్కన నిలబెడితే తేడా దొరకదు. కానీ ఈ కాలపు కొత్త జీపుల్లో ఒకటి మనిషిని బురదలోంచి బయటికి తెస్తుంది, ఇంకొకటి మనిషిని తీసుకుపోయి బురదలో కూర్చోబెడుతుంది. ఏది ఏదో పుస్తకంలో రాసే ఉంటుంది. చదివే ఓపిక కొనేవాడికి ఉండదు, చెప్పే అవసరం అమ్మేవాడికి ఉండదు. చదివి, అర్థం చేసుకుని, చంకలో నోటుబుక్కు పెట్టుకుని వెళ్లినవాణ్ణి మాత్రం ఇద్దరూ కలిసి కుర్చీలో కూర్చోబెట్టి చాయ్ ఇస్తారు. ఆ చాయ్ తాగినవాణ్ణి నేను.

నేను బడికి పోయింది ఒక్క వానాకాలం. మిగతా చదువంతా తాండూరులో, నాపరాయి గనులకు తిరిగే జీపుల షెడ్డులో. ఇంగ్లీషు అక్షరాలు స్పేర్ పార్టుల అట్టపెట్టెల మీద నేర్చుకున్నాను. గ్రీజు అంటి సగం పేజీలు అతుక్కుపోయిన పాత జీపు మాన్యువల్ ఒకటి ఉండేది. తెలియని మాట వస్తే అరచేతిలో రాసుకుని స్టేషనుకు పోయి పార్సిలు గుమాస్తాను అడిగేవాణ్ణి. ఆయన విసుక్కుంటూనే చెప్పేవాడు. ఇంజను బలం మామూలుగా వెనక చక్రాలకే పోతుందనీ, గేరు రాడ్డు పక్కనున్న పొట్టి లీవరు వేస్తే ముందు చక్రాలకూ పోయి అవి కూడా లాగుతాయనీ అట్లా నేర్చుకున్నాను. ముప్పై ఏళ్లు ఆ లీవరు పట్టుకుని బతికాను. గని గుంతల్లో, కాగ్నా నది ఒడ్డున, అనంతగిరి అడవి బాటల్లో ఎన్నడూ బండిని ఒకరిచేత తోయించుకోలేదు. గొప్ప కోసం చెప్పడం లేదు. బండి గురించి నేను మాట్లాడితే వినాల్సినంత ఉందని చెబుతున్నాను.

మా అక్కది కోట్‌పల్లి ప్రాజెక్టు కింది వైపు ఊరు. కిడ్నీలు చెడిపోయి సోమ, బుధ, శుక్రవారాలు తాండూరు ఆస్పత్రిలో డయాలసిస్ చేయించుకోవాలి. ఎండాకాలం ఆటోలో పోయి వచ్చేది. వానాకాలమే తిప్పలు. ఊరి ముందర వాగు మీద కల్వర్టు బాగా కిందికి ఉంటుంది. గట్టి వాన పడితే దాని మీది నుంచి నీళ్లు పారతాయి. అప్పుడు మిగిలేది రేగడి చేలల్లోంచి పోయే బండ్ల బాట ఒక్కటే. కిందటేడు రెండుసార్లు ఆమెను ట్రాక్టరు వెనక తగిలించే డబ్బాలో పండబెట్టి ఆ బాటలో తీసుకుపోయారు. రెండోసారి దారిలోనే సొమ్మసిల్లింది. తాండూరులోనే ఒక గది చూసుకోమని డాక్టరు చెప్పాడు. అక్క ఒప్పుకోలేదు. తన పొయ్యి, తన బర్రె, ఇంటి వెనక కంది చేను విడిచి ఆ ఊళ్లో ఎవరి మొఖం చూసుకుంటూ బతకాలని అడిగింది. అప్పుడే మేనల్లుడు, అంటే అక్క కొడుకు, అమ్మ ఇల్లు కదలనవసరం లేదని, నాలుగు చక్రాలూ లాగే జీపు కొంటానని మాట ఇచ్చాడు. ఆ మాట మీదనే ఆమె ఇల్లు నిలబడి ఉంది.

వాడు నాకు వికారాబాదుకు ఫోను చేసి, మామా నువ్వు రావాలె అన్నాడు. సంతోషించాను. ముందే వెళ్లి షోరూములో వాళ్లిచ్చే పుస్తకం తెచ్చుకుని నాలుగు రోజులు దాని ముందు కూర్చున్నాను. నా నోటుబుక్కులో తెలుగులో రాసుకున్నాను. చిన్న డీజిలు ఇంజను: వెనక చక్రాలకే. పెద్ద డీజిలు: నాలుగింటికీ, పొట్టి లీవరు ఉంటుంది. పెట్రోలు రెండు రకాలా వస్తుంది, ఏది తీసుకుంటున్నామో అడగాలి. గేర్లు చేత్తో వేసేది, తానే వేసుకునేది. గుడ్డ టాపు, గట్టి టాపు. అక్కకు గట్టి టాపు, పెద్ద డీజిలు, చేతి గేర్లు. మెట్టు ఎత్తు కాబట్టి కాలు పెట్టడానికి కింద ఇంకో మెట్టు వేయించాలి. ఇంత వివరంగా రాశాను. మా అక్క ఎక్కే బండి అది.

షోరూములో అమ్మే అబ్బాయి మెడలో టై కట్టుకుని మేనల్లుడి వైపే చూసి మాట్లాడుతున్నాడు. పెద్ద తెర, పాటలు, ఫోను కలపడం, సీటు కుట్టు. అరగంట విన్నాను. తలుపు తీసి లోపల చూస్తే గేరు రాడ్డు పక్కన లీవరు లేదు. లీవరు ఉండాల్సిన చోట తాళాలు పెట్టుకునే చిన్న గుంట ఉంది. రెండో లీవరు ఏదని అడిగాను.

ఆ అబ్బాయి నవ్వాడు. "అంకుల్, అది మీ జమానా. ఇప్పుడంత కంప్యూటరే చూసుకుంటది."

కంప్యూటరు ఏం చూసుకుంటుంది, ముందు చక్రాలను తిప్పే ఇరుసే లేని చోట ఏం చూసుకుంటుంది అని అడగబోయాను. మేనల్లుడు నా భుజం మీద చెయ్యి వేసి అన్నాడు.

"మామా, నువ్వు జర అట్ల కూసో. చాయ్ తాగు. మేం మాట్లాడుకుంటం."

కూర్చున్నాను. నాలుగు చక్రాలది కావాలంటే నెలలు ఆగాలని, ఈ తెల్లది వారంలో ఇస్తామని, చూడ్డానికి రెండూ ఒకటేనని, దీని పొట్ట కూడా అంతే ఎత్తు ఉంటుందని అవతల చెప్పుకుంటున్నారు. మృగశిర కార్తె దగ్గర పడింది, వానలొస్తాయని మేనల్లుడి తొందర. వాడి తొందర కూడా తల్లి కోసమే, కాదనను. నేను లేచి, ఒరే ఇది ఆ బాటలో పనికిరాదు అంటే అయిపోయేది. అనలేదు. నోటుబుక్కు సంచీలోంచి తీయను కూడా లేదు. చదువుకున్న మొనగాళ్లు, మాట్లాడుకోనీ అనుకున్నాను.

బండి వచ్చాక అనంతగిరి మీద పద్మనాభస్వామి గుడి ముందు పూజ చేయించారు. చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించారు. తిరిగి వస్తూ వికారాబాదులో స్టిక్కర్లు అతికించే దుకాణం ముందు మేనల్లుడు బండి ఆపాడు. మెరిసే ఇనుప అక్షరాలు కొన్నాడు. ఫోర్ బై ఫోర్ అని, అంటే నాలుగు చక్రాలూ లాగేదని.

"ఊర్లోళ్లు అడుగుతరు మామా, నాలుగు చక్రాలదేనా అని. కాదంటే ఇజ్జత్ ఏముంటది?"

దుకాణం అతను వెనక తలుపు మీద పెట్టి పట్టుకున్నాడు. సీదాగా ఉందా చూడమని మేనల్లుడు నన్ను అడిగాడు. బండి కొన్న నాటి నుంచి వాడు నన్ను అడిగిన మొదటి మాట అది. నేను నాలుగడుగులు వెనక్కి వేసి చూశాను.

"కుడి దిక్కు జర లేపు" అన్నాను.

లోపల నవ్వుకున్నాను కూడా. ఒకనాడు దిగబడతాడు, అప్పుడు నా దగ్గరికే వస్తాడు అనుకున్నాను. దిగబడేటప్పుడు బండిలో ఎవరుంటారో ఆలోచించలేదు. అరవై ఏళ్లు దాటిన మనిషికి రావాల్సిన ఆలోచన అది.

మొదటి వానలు పలచగా పడ్డాయి. కల్వర్టు మునగలేదు. జీపు తారు రోడ్డు మీదనే పోయి వచ్చింది. అక్క ముందు సీట్లో కూర్చుని అద్దం దించుకుని పోతుంటే ఊరంతా చూసిందట. చూసినవా మామా అని మేనల్లుడు ఫోనులో ఎత్తిపొడిచాడు. చూసినా అన్నాను.

తర్వాత ఒక బుధవారం. ముందు రోజు నుంచి ముసురు. మేనల్లుడు పని మీద హైదరాబాదు పోయాడు. ఇంట్లో వాడి బామ్మర్ది ఉన్నాడు, మోమిన్‌పేట్ నుంచి తన అక్కను, అంటే మేనల్లుడి భార్యను, చూడ్డానికి వచ్చిన మంచి పిల్లగాడు. నేను పొద్దున రైలుకు తాండూరు వెళ్లి ఆస్పత్రి వరండాలో అక్క కోసం కూర్చున్నాను. ఆమె వంతు పదకొండుకు. పదిన్నరకు నా ఫోను మోగింది. బామ్మర్ది.

"కాకా, ఫోర్ వీల్ ఎట్ల ఏస్తరు? లీవర్ కనబడ్తలేదు."

ఎక్కడున్నారని అడిగాను. కల్వర్టు మీద నీళ్లు పారుతున్నాయని, బండ్ల బాటలో వచ్చామని, సగం చేలో వెనక చక్రాలు ఇరుసు దాకా దిగాయని చెప్పాడు. పక్కనుంచి అక్క దగ్గు వినబడింది.

"ఆ బండికి అది లేదు" అన్నాను.

"ఎన్కకు రాసుంది గద కాకా."

రేగడి సంగతి నాకు తెలుసు. తడిస్తే చక్రానికి చెప్పులాగా అంటుకుంటుంది, టైరు మీది గాట్లు పూడిపోతాయి, ఎంత తిప్పితే అంత గుంత తవ్వుకుంటుంది. యాక్సిలేటరు తొక్కొద్దని, చక్రాల కింద కంది కట్టె వేయమని, ట్రాక్టరు కోసం మనిషిని పంపమని చెప్పాను. నేను చెప్పిందంతా సరిగ్గానే చెప్పాను. దేనికీ పనికిరాలేదు. వాన ఆగలేదు, ట్రాక్టరు ఇంకో ఊరి నుంచి రావాల్సి వచ్చింది. పదకొండు గంటలకు అక్క పేరు పిలిచారు. నేను లేచి, దారిలో ఉంది అన్నాను. పన్నెండుకు ఆమె మంచం మీద ఇంకొకరిని పడుకోబెట్టారు.

నాలుగు దాటాక ట్రాక్టరు డబ్బాలో, మీద పట్టా కప్పి తీసుకొచ్చారు. ఊపిరి అందడం లేదు. ముఖం ఉబ్బింది. లోపలికి తీసుకుపోయి ముక్కుకు గొట్టం పెట్టారు. మూడు రోజులకు గాని లేచి కూర్చోలేదు.

రెండో రోజు నేను ఒక్కణ్ణే పక్కన ఉన్నప్పుడు అడిగింది.

"ఎన్క రాసుండెనట గద తమ్మీ. నువ్వు సదివేటోనివి. సూడలేదా?"

అబద్ధం చెప్పొచ్చు. మేనల్లుడి మీదకి తోసెయ్యొచ్చు. షోరూము వాణ్ణి తిట్టొచ్చు, వాడు తిట్టదగినవాడే, ఇప్పటికీ నా మనసు వాణ్ణి తిడుతూనే ఉంది. కానీ అక్క కళ్లు నా మీదే ఉన్నాయి. జరిగింది చెప్పాను. నోటుబుక్కు సంగతి, చాయ్ సంగతి, అక్షరాలను సీదాగా పెట్టించింది నేనేనన్న సంగతి.

ముఖం పైకప్పు వైపు తిప్పుకుంది. తర్వాత అంది.

"వాని మీది కోపం వాని మీదనే తీర్సుకోవద్దా? బండ్ల కూసున్నది నేను గద."

ఆమె తిట్టలేదు. తిడితే బాగుండేది. నన్ను అవమానించారని నేను ఎన్ని నెలలు పళ్లు నూరుకున్నానో, ఆ ఒక్క మాట ముందు అదంతా ఎందుకూ పనికిరాకుండా పోయింది. అట్లాగని వాళ్లను క్షమించానని కాదు. పెద్దమనిషిని పిలిచి మూలకు కూర్చోబెట్టేవాళ్లను నేను క్షమించను. నన్ను కూడా ఆ వరసలోనే నిలబెట్టుకున్నాను, అంతే.

ఆస్పత్రి నుంచి అక్క మళ్లీ ఊరికి పోలేదు. గది చూడమని తానే చెప్పింది. తాండూరులో, ఆస్పత్రికి నడిచిపోయేంత దూరంలో ఒక గది దొరికింది. కింద నాపరాయి బండలు, ఒక కిటికీ. పక్క గదిలో కన్నడం మాట్లాడే కుటుంబం ఉంది, వాళ్ల మాటలు ఈమెకు సగమే అర్థమవుతాయి. బర్రెను ఎవరికో తోలి ఇచ్చేశారు. కంది చేను ఇంకెవరో చూసుకుంటున్నారు. కోడలు వచ్చి నాలుగు రోజులుంటుంది, పోతుంది. మేనల్లుడు బుక్ చేసి, నెలలు ఆగి, నాలుగు చక్రాల బండే తెస్తానన్నాడు. వద్దంది. ఇప్పుడున్నదాన్ని గది ముందుకు తెచ్చి తలుపు తీసి నిలబడితే, ఎక్కనంది. వాడు ఏడ్చాడు. ఆ వెనక అక్షరాలు పీకేశాడు. అవి ఉన్న చోట రంగు చెడిపోయింది.

వారంలో మూడు రోజులు నేను పొద్దున రైలుకు తాండూరు పోతాను. ఆమె చీర కొంగు నడుముకు చుట్టుకుని ముందు నడుస్తుంది, నేను సంచీ పట్టుకుని వెనక నడుస్తాను. ఆటో పిలుస్తానంటే చెయ్యి ఊపుతుంది. కిరాణా కొట్టు దగ్గర ఒకసారి, మందుల దుకాణం మెట్ల దగ్గర ఒకసారి ఆగి ఊపిరి పీల్చుకుంటుంది. రెండు చోట్లా నేనూ ఆగుతాను. రాకు అని చెప్పలేదు. రమ్మని కూడా చెప్పలేదు.