సీసం తూచిన ఔసులాయన

మంచిర్యాల స్టేషను వెనుక గల్లీలో కంసాలి సదానందం దుకాణం ఉంది. నగల షోరూములు వచ్చాక ఆయనకు పుస్తెలు అతకడం, ముక్కుపుడకకు రాయి బిగించడం వంటి చిన్న పనులే మిగిలాయి. వయసు అరవై నాలుగు. త్రాసు మీద ఈగ వాలినా బరువు చెప్తాడని గల్లీలో అంటారు. “ఈగను తోలిన గని, తూచలే ఎన్నడు,” అని నవ్వుతాడాయన.

ఒక సోమవారం శ్రీరాంపూర్ నుంచి నవత వచ్చింది. డిగ్రీ చదువుతూ ఎయిర్ రైఫిల్ షూటింగ్ నేర్చుకుంటున్న అమ్మాయి. రైఫిలు క్లబ్బుది. పది గుండ్లలో ఏడు ఒకచోట పడితే మూడు ఎటో పోతున్నాయి. చెయ్యి వణుకుతోందన్నాడు కోచ్. ఆదివారం కూడా ఇట్లాగే పడితే రైఫిలు ఇంకొకరికి ఇస్తానన్నాడు.

“కాకా, నా చెయ్యి వణుకుతలేదు. గుండ్లే ఒక్క తీరుగ లేవేమో. జర తూచి సూడవా?” అంటూ సీసపు గుండ్ల డబ్బా ముందు పెట్టింది.

“బంగారం తూచే త్రాసుల సీసమా? మా బాపు సూస్తే తంతుండె,” అంటూనే సదానందం కళ్లద్దాలు పెట్టుకున్నాడు.

నిజంగానే బరువుల్లో తేడా ఉంది. రెండు రోజులు కూర్చుని, ఒక్కో గుండునూ సన్న పట్టకారుతో ఎత్తి తూచి, ఒకే బరువున్నవి వేరుచేశాడు.

గురువారం నవత ఆ గుండ్లతో కాల్చిన గురి కాగితం తెచ్చింది. గుండ్లు మునుపటికన్నా ఎక్కువ చెదిరాయి.

“గిదేంది కాకా? పరేషాన్ అయితున్న.”

సదానందం మిగిలిన గుండ్లను భూతద్దంతో చూశాడు. తల గుండ్రంగానే ఉంది. వెనుక గాగ్రాలా విచ్చుకున్న పలుచని అంచు మాత్రం ఒకవైపు నొక్కుకుపోయింది. ఇంకోటి చూశాడు. అదీ అంతే. నొక్కు సరిగ్గా తన పట్టకారు మొనంత ఉంది. బంగారు పూస జారిపోకుండా బిగించి పట్టడం నలభై ఐదేళ్ల అలవాటు. మెత్తని సీసం ఆ పట్టుకు ఆగలేదు.

“తప్పు నాది బిడ్డా. అన్నిటి నడుములు ఇరగ్గొట్టి ఇచ్చిన.”

“కోచ్ సారుకు గిది చెప్తే నమ్ముతడా?”

“చెప్పకు. కొత్త డబ్బా తే.”

ఈసారి పట్టకారు ముట్టలేదు. బంగారు రజను ఊడ్చే కుంచెతో ఒక్కో గుండునూ మెల్లగా తోసి త్రాసులో వేశాడు. తూచాక అద్దం మీద దొర్లించాడు. ఊగుతూ దొర్లినదాన్ని అంచు వంకరని పక్కన పెట్టాడు. శనివారానికి అరవై తేలాయి. సబ్బుతో చేతులు కడుక్కొని డబ్బా ఆమెకిచ్చాడు.

ఆదివారం మధ్యాహ్నం నవత కాగితం పట్టుకొని ఉరికి వచ్చింది. తొమ్మిది గుండ్లు రూపాయి బిళ్ల కింద దాగేంత చోట పడ్డాయి. పదోది మాత్రం కొంచెం ఎడంగా ఉంది.

“రైఫిలు నా దగ్గర్నే ఉంచుకొమ్మన్నడు కాకా!”

సదానందం వేలు ఆ పదో రంధ్రం మీదే ఆగింది. “గిది కూడ నేనే నొక్కిన్నా?”

“లే, అది నాదే. కాల్చేటప్పుడు ఊపిరి వదిలిన.”

“అయితే నువ్వు ఊపిరి సూసుకో, నేను అంచులు సూసుకుంట,” అంటూ ఆయన కుంచె అందుకున్నాడు. “ఇంకో డబ్బా తెచ్చినవా, ఉత్త చేతులతోటి వచ్చినవా?”