మెక్సికో మిరపకాయ

నరసాపురం ప్యాసింజర్లో ఎదురు సీట్లో కూర్చున్నావిడ అన్నం డబ్బా తెరిచి, పచ్చడి కలిపి, నా చేతిలో ముద్ద పెట్టింది. తను పెళ్ళిళ్ళకు వంట చేస్తుందట. జ్వరం తగ్గాక నాలుకకు ఉప్పూ కారమూ తెలియడం మానేశాయట. అలాంటి వంటావిడను ఎవరు పిలుస్తారు? గుంటూరు కాయ చప్పగా ఉందని అస్సాం కాయ తెప్పించింది. అదీ చప్పగానే ఉంది. ఈ పచ్చడిలో కాయ మెక్సికో విత్తనం, కుండీలో వేసి పెంచిన మొదటి కాపు.

"బాగుందని మాత్రం అనకండి. మొహమాటానికి అందరూ అదే అంటున్నారు. నేను మీ కళ్ళు చూస్తానండి."

ముద్ద మింగకముందే చెవుల్లోంచి సెగలొచ్చాయి. కళ్ళ వెంట ధారగా నీళ్ళు. తుడుచుకోబోతే నా చెయ్యి పట్టుకుంది.

"ఆగండి. చూడనివ్వండి."

కాసేపటికి వదిలి, తనే మజ్జిగ పోసిచ్చింది.

"అయితే కాయలో లోపం లేదండి."

డబ్బాలో మిగిలిన అన్నమంతా పెరుగన్నం తిన్నట్టు తినేసింది. కన్ను చెమర్చలేదు. పాలకొల్లులో దిగబోతూ వెనక్కి తిరిగింది.

"దీనికంటే కారం కాయ ఎక్కడైనా ఉంటుందాండీ?"

ఉంటుందన్నాను. ఏ దేశంలోనని అడుగుతుందేమోనని భయపడ్డాను.

అడగలేదు.