పదకొండో మనిషి

ఎల్సా మాకు చుట్టం కాదు. చర్చిలో పరిచయమైన తెనాలి పిల్ల. మెల్‌బోర్న్ శివారు ట్రుగనీనాలో, నేనుంటున్న మా అమ్మాయి శాంతి ఇంట్లోనే, వెనక గది అద్దెకు తీసుకుని యూనివర్సిటీకి వెళ్లేది. పాత ఫోటోలను కాపాడే చదువట. అలాంటి చదువు ఒకటుందని నమ్మడానికి నాకు నెల పట్టింది. వాళ్ల నాన్న కనకరాజు పెద్ద బిల్డింగ్ కాంట్రాక్టరు. అయినా కూతుర్ని ఒక్కరోజు ఇటుకల దగ్గరికి రానివ్వలేదు. ఎండ తగిలితే కరిగిపోతుందనుకున్నాడు కాబోలు.

రెండో ఏడు ఆమెకు మంచి పని దొరికింది. నూట యాభై ఏళ్ల కిందట మెల్‌బోర్న్‌లో ఒక పెద్ద సభాభవనం కడుతుంటే, ఎవరో గాజు పలకల మీద ఫోటోలు తీశారు. పలకలు దొరికాయి గాని తేదీలు లేవు. ఏది ముందో ఏది వెనకో తేల్చి, వరుసగా పేర్చి, కింద నాలుగు ముక్కలు రాయాలి. ఆ భవనంలోనే ప్రదర్శన. ప్రారంభం రోజున వేదిక మీద మాట్లాడేది కూడా ఎల్సాయే. తెనాలిలో బంధువులంతా వీడియోలో చూడటానికి సిద్ధంగా ఉన్నారు.

వారం ముందు, ఆదివారం, వంటింటి బల్ల మీద ఫోటోలు పరిచింది. మనుషులందరూ కర్రల్లా బిగుసుకుని ఉన్నారు.

“నవ్వరేమే వీళ్లు?”

“కదలకూడదు మామ్మగారూ. అప్పటి కెమెరా చాలా స్లో. కదిలినవాళ్లు పొగలాగా పడతారు.”

ఒకే గోడవి మూడు ఫోటోలు. మొదటిదానిలో గోడ నున్నగా ఉంది, ముందు పది మంది కూలీలు. రెండోదానిలో కింది వరసల్లో బొక్కలు, మనుషులెవరూ లేరు. మూడోదానిలో గోడ నిండా బొక్కలు, వాటిలో పరంజా కర్రలు, ముందు పదకొండు మంది.

ఎల్సా చివరి బక్కమనిషి మీద వేలు పెట్టింది. “ఇతను కొత్తగా జాయిన్ అయ్యాడు. నా స్పీచ్ ఇతనితోనే ఎండ్ అవుతుంది. వచ్చినవాడికి చోటిచ్చిన ఊరు అని.”

నేను తాపీ మేస్త్రి పెళ్లాన్ని. ఇరవై రెండేళ్లు మాలు తట్టలు మోసినదాన్ని. నాకు నవ్వాగలేదు.

“ఎవరే ఇలా పేర్చింది?”

“నేనే. ముందు ప్లెయిన్ గోడ. తర్వాత కింద నుంచి హోల్స్ చేసుకుంటూ పైకి వెళ్లారు.”

“కట్టిన గోడను పొడిచి కర్రలు పెడతారటే తింగరిదానా? గోడ లేస్తున్నప్పుడే బొక్కలు వదులుతారు. పనయ్యాక పై నుంచి పరంజా విప్పుకుంటూ, బొక్కలు పూడ్చుకుంటూ దిగుతారు. కిందివి ఆఖరున పూడతాయి. నీ వరస తలకిందులే!”

ఎల్సా ఫోటోలు తిరగేసి పేర్చింది. ముందు పదకొండు మంది. ఆఖరున పది మంది. ఆ బక్కమనిషి లేడు. పిల్ల ముఖం పాలిపోయింది. నా నవ్వూ అక్కడే ఆగిపోయింది. పరంజా దిగేటప్పుడు ఏమేం జరుగుతాయో నాకొకరు చెప్పక్కర్లేదు.

“ఫోటోల ప్యానెల్స్ ప్రింట్ అయిపోయాయి మామ్మగారూ. మా ప్రొఫెసర్ మేడమ్ అప్రూవ్ చేసేశారు. ఎవరూ పట్టుకోలేరు.”

“నేను పట్టుకున్నానుగా.”

“మీరు చెప్పరుగా?”

“నాకు ఇంగ్లీషెక్కడ వచ్చు, చెప్పడానికి?”

ఆ రాత్రి ఎల్సా అన్నం ముట్టలేదు. మర్నాడూ అంతే. మంగళవారం పొద్దున మేడమ్‌కు తనే మెయిల్ పెట్టింది. ఆవిడ కేకలేయలేదు. ప్యానెల్స్ మళ్లీ చేయించమంది. కాని వేదిక మీద మాట్లాడే పని ఇంకో విద్యార్థికి ఇచ్చేసింది. వీడియో చూడొద్దని తెనాలికి ఫోన్ చేసి చెప్పుకుంటుంటే, గోడ అవతల నుంచి విన్నాను. ఏడవలేదు. గొంతు మాత్రం సన్నబడింది.

కొత్త రాత నాకు చదివి వినిపించింది. పదకొండో మనిషి పరంజా మీద నుంచి పడి చనిపోయాడని రాసింది.

“నువ్వు చూశావా?”

“అదే అయ్యుంటుంది కదా?”

“అయ్యుండొచ్చు. పని మానేసి పోయి ఉండొచ్చు. జ్వరంతో పడుకుని ఉండొచ్చు. తెలియనిదాన్ని తెలిసినట్టు రాసే కదే ఒకసారి తప్పు చేశావు!”

మూతి ముడుచుకుని వెళ్లిపోయింది. గంట తరువాత వచ్చి, ఆ ముక్క కొట్టేశానంది.

ప్రారంభానికి నన్నూ తీసుకువెళ్లింది. వేదిక మీద ఎవరో మాట్లాడుతుంటే మేమిద్దరం ఆ గోడ ఫోటోల దగ్గర నిలబడ్డాం. కింద ఏముందో చదవమన్నాను. “మొదటిదానిలో పదకొండు మంది, చివరిదానిలో పది మంది. పదకొండో మనిషి ఏమయ్యాడో మాకు తెలియదు.” దాని కింద ఎల్సా పేరు.

చదువుకున్నవాళ్లు తెలియదని రాసి, కింద తమ పేరు పెట్టుకోవడం నేను చూడటం అదే మొదలు.